అప్‌డేట్: గోదావరి వంతెన తప్ప వేరే ఫొటో తట్టడం లేదన్నాను కదా

రాజమండ్రిలో ఉంటాను, ఏ ఫొటో తీసినా పోస్ట్‌కార్డులా వస్తోంది, కవిత ఒక్క లైను కూడా కదలడం లేదు, అరకు వెళ్తే నయమా అని అడిగాను. ఎక్కువమంది ఊళ్లోనే ఉండి, రోజూ చూసేదాన్నే వేరే వేళలో చూడమన్నారు.

అరకు వెళ్లలేదు. సాయంత్రం మానేసి పొద్దున్నే గట్టుకి వెళ్లడం మొదలుపెట్టాను. సాయంత్రమైతే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు, ఆర్చీలు నల్లటి గీతల్లా మిగులుతాయి. అందరి ఫోన్లలో ఉన్నది అదే. పొద్దున వెలుగు మన వెనకనుంచి పడుతుంది. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన రాతి స్తంభాల మీద నీటి మరకలు, తుప్పు, మొలిచిన మొక్కలు అన్నీ కనిపిస్తాయి. నాకు ఆర్చి వంతెన కంటే ఇదే నచ్చింది.

ఫొటోలో ఉన్నదాన్ని కవితలో చెప్పొద్దన్న సలహా మాత్రం అద్భుతం. రేవులో బట్టలుతికే చప్పుడు, తడి ఇసుక వాసన, ఇలాంటివే రాస్తున్నాను. మూడు లైన్లు దాటడం లేదు, టెన్షనూ లేదు.

వరద నీళ్లు ఎర్రగా వచ్చినప్పుడు తీయాలనుంది. వానలో ఫోన్ తడవకుండా మీరేం వాడుతున్నారు?