కొత్త పిల్లల్ని పాత కోళ్లలో కలపాలంటే: రాత్రి గూట్లో పెట్టేయాలా, జాలి అవతల ఉంచాలా?

సుబ్బు_పెరడు:
మాకు పెరట్లో ఆరు గుడ్లు పెట్టే పెట్టలున్నాయి. కొత్తగా నాలుగు పిల్లల్ని బయట నుంచి తెచ్చాం, రెండున్నర నెలలుంటాయి. చీకటి పడ్డాక గూట్లో పెట్టేస్తే కలిసిపోతాయని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. కొన్నాళ్లు జాలి అవతల ఉంచమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏది నయం?

తొలికోడి:
రాత్రి పెట్టడమే సుబ్బు గారూ. చీకట్లో కోడికి చూపు ఆనదు, కూర్చున్న చోటు వదలదు. పాతవాటి పక్కన మెల్లగా కూర్చోబెట్టి వచ్చేయండి. జాలీ, మేకులూ అంటూ ఇంత హంగామా దేనికి?

గింజలమ్మ:
రాత్రి గొడవ ఉండదు, నిజమే. తెల్లారాకే కదా అసలు కథ. మీరు లేచి తలుపు తీసేలోపే కోళ్లు లేస్తాయి. పిల్లలకు పారిపోవడానికి చోటుండదు. మూలకు నెట్టి నడినెత్తిన పొడుస్తాయి. నెత్తురు కనబడిందా, అప్పటిదాకా ఊరుకున్న పెట్టలు కూడా వచ్చి మీద పడతాయి. కోళ్లలో ఎవరి తర్వాత ఎవరన్న వరస ఒకటి ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్ ఎబ్బే 1920ల మొదట్లోనే రాశాడు. కొత్త కోడి వస్తే ఆ వరస మళ్లీ తేలాల్సిందే. ఒకటి రెండు వారాలు మధ్యలో జాలి పెట్టి, మేత గిన్నెలు రెండు వైపులా దానికి ఆనించండి. పక్కపక్కన తినడం అలవాటవుతుంది.

తొలికోడి:
జాలి తీసిన రోజు పొడవవా మరి?

గింజలమ్మ:
పొడుస్తాయి. రెండు పోట్లు వేసి మేతకు పోతాయి. వెంటపడి తరమడం, కింద పడేసి తొక్కడం మాత్రం బాగా తగ్గుతుంది. జాలి పెట్టేది అందుకే.

పశువుల_డాక్టరు:
ఇద్దరూ ఒక మెట్టు వదిలేశారు. పిల్లలు బయట నుంచి వచ్చాయి కాబట్టి ముందు నెల రోజులు పూర్తిగా దూరంగా ఉంచాలి. జాలి పక్కన కూడా వద్దు. మైకోప్లాస్మా అనే ఊపిరి జబ్బు క్రిమి ఉన్న కోడి పైకి శుభ్రంగానే కనిపిస్తూ రోగం మోస్తుంది. రోజూ పాతవాటి పని ముగించాకే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి, చెప్పులు వేరుగా పెట్టుకోండి. ఈలోగా పిల్లలూ పెరుగుతాయి. ఒళ్లు దాదాపు సమానమైతే సగం టెన్షన్ పోయినట్టే.

కలిపాక పాత పెట్టల రెట్టల వల్ల పిల్లలకు రక్తపారుడు రావచ్చు. ఈకలు రేపుకుని మూలన కూర్చున్నా, రెట్టలో నెత్తురు కనబడినా ఆగకుండా చూపించండి.

ఇంకొకటి, మేత. గుడ్ల కోళ్ల మేతలో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం ఉంటుంది. ఎదిగే పిల్లలకు ఒక శాతం చాలు, ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అన్నింటికీ ఎదిగే పిల్లల మేతే (గ్రోయర్) వేసి, కాల్షియం కోసం గుల్ల ముక్కలు వేరే గిన్నెలో పెట్టండి. గుడ్లు పెట్టేవి కావలసినంత తింటాయి.

తొలికోడి:
మేత సంగతి ఒప్పుకుంటా డాక్టరు గారూ. కానీ నెలాగి, ఒళ్లు సమానమయ్యాక కూడా జాలి అంటే చాదస్తం.

గింజలమ్మ:
ఒళ్లు సమానమైనా ముఖం కొత్తదే కదండీ. సుబ్బు గారూ, నాలుగింటినీ ఒకేసారి వదలండి. ఒక్కదాన్నే వదిలితే అన్నీ దాని మీదే పడతాయి. మేత గిన్నెలు, నీళ్ల గిన్నెలు రెండేసి చోట్ల దూరంగా పెట్టండి. గోడకు ఒక చెక్క వాల్చి ఉంచితే వెనక దాక్కుంటాయి.

సుబ్బు_పెరడు:
సరే, ముందు నెల రోజులు దూరంగా ఉంచుతాను. నాలుగింటిలో ఒకదానికి అప్పుడే జుట్టు ఎర్రబడి పెద్దదవుతోంది. పుంజయితే?

తొలికోడి:
మీ పాతవాటిలో పుంజు ఉందా? అది ముందు చెప్పండి.