కారు ప్రమాదం తర్వాత నష్టాలు, ఖర్చుల కాగితాలు: విజయవాడ, గుంటూరు వారి అనుభవాలు

పటమట నుంచి (ప్రశ్న):
గత నెలలో మా అన్నయ్య గుంటూరు నుంచి కారులో వస్తుండగా, మంగళగిరి దాటిన తర్వాత వెనుక నుంచి వచ్చిన లారీ ఢీకొట్టింది. తొడ ఎముక విరగడంతో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఎఫ్‌ఐఆర్ నమోదైంది, ఆసుపత్రి బిల్లు మా దగ్గరే ఉంది. ఆయన వయసు 43 ఏళ్లు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం కనుక జీతం చీటీ ఉండదు. రోజూ అవుతున్న ఆటో ఖర్చు, మందుల ఖర్చు, తోడుండే మనిషికి ఇచ్చే డబ్బు ఎలా రాసిపెట్టుకుంటే క్లెయిములో నిలబడతాయో అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయండి.

బ్రాడీపేట నుంచి:
మావారికి ప్రమాదం జరిగినప్పుడు ఈ లెక్కలన్నీ నేనే చూసుకున్నాను కనుక వివరంగా రాస్తున్నాను. ముందుగా ఒక నోటుపుస్తకం కేటాయించి, తేదీ, ఎవరికి ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నవి ఏ రోజువి ఆ రోజే రాయండి. ఆ ‘ఎందుకు’ అన్న గడే అన్నిటికంటే ముఖ్యమైనది. ‘ఆటో 300’ అని రాస్తే అది ఎవరి ప్రయాణమో చెప్పలేము. ‘కుట్లు విప్పించడానికి ఆసుపత్రికి, రానుపోను ఆటో 300’ అని రాస్తే, ఆ రోజు ఓపీ చీటీతో అది సరిపోలుతుంది. మందుల దుకాణంలో బిల్లు మీ పేరున కాక మీ అన్నయ్య పేరున రాయించి, దానికి డాక్టరు చీటీ నకలు జత చేయండి. మిషన్ నుంచి వచ్చే చిన్న బిల్లుల మీద అక్షరాలు కొద్ది నెలల్లోనే వెలిసిపోతాయి కాబట్టి వాటిని వెంటనే జిరాక్స్ తీయించి, అసలుతో కలిపి పెట్టుకోవాలి.

చికిత్స కోసం విజయవాడ, గుంటూరు మధ్య సొంత కారులో తిరుగుతూ ఉంటే, కాజ టోల్‌ప్లాజా దగ్గర ఫాస్టాగ్ నుంచి టోల్ కట్ అయిన వివరాలు మీ ప్రయాణానికి సాక్ష్యం అవుతాయి. మేము ఆ స్టేట్‌మెంటును ఫిజియోథెరపీ తేదీల పక్కన పెట్టి చూపించాము, ఎవరూ కాదనలేదు. తోడుండే మనిషికి డబ్బు వీలైనంతవరకు ఫోన్‌పే ద్వారా ఇచ్చి, నెలకోసారి రసీదు మీద సంతకం తీసుకోండి. ఇంట్లోవారే చూసుకుంటున్నా ఆ శ్రమకు విలువ ఉంది. ఉద్యోగం చేసేవారు అందుకోసం సెలవు పెడితే, కార్యాలయం నుంచి సెలవు ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

తెనాలి నుంచి:
ఇంత చాకిరీ అవసరమా అన్నది నా సందేహం. రవాణాకు, పౌష్టికాహారానికి ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే న్యాయస్థానం) ఎలాగూ ఉజ్జాయింపుగా కొంత మొత్తం ఇస్తుంది కదా?

విజయవాడ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది:
ఇస్తుంది, కానీ ఆధారం లేని చోట ఆ ఉజ్జాయింపు చిన్నదిగానే ఉంటుంది. సుదీర్ఘ చికిత్స జరిగిన కేసుల్లో ఈ తేడా బాధితుడి కుటుంబానికి చాలా భారమవుతుంది, అందుకే బ్రాడీపేట గారు చెప్పిన పద్ధతినే నేనూ సమర్థిస్తాను.

పటమట వారికి రెండు మూడు విషయాలు చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పరిహారం కోరే పిటిషన్‌ను ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కనుక, కాగితాలన్నీ పూర్తయ్యాక చూద్దామని ఆగకండి. ఎఫ్‌ఐఆర్‌తో పాటు గాయాల సర్టిఫికెట్, పంచనామా, ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టు, ఛార్జిషీటు నకళ్లు తీసుకోండి. రాడ్ తీయడానికి ముందుముందు మరో ఆపరేషన్ అవసరమైతే, దానికి ఎంత అవుతుందో సర్జన్ చేత ఇప్పుడే లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. చాలామంది మరచిపోయే కాగితం ఇదే.

ఆదాయం విషయంలో జీతం చీటీ లేకపోవడం అడ్డంకి కాదు. ఐటీ రిటర్నులు, మార్కెట్ కమిటీ ఇచ్చిన లైసెన్సు, ప్రమాదానికి ముందూ తర్వాతా బ్యాంకు స్టేట్‌మెంట్లు కలిపి చూపితే పడిపోయిన వ్యాపారం కనబడుతుంది. వైకల్యం శాశ్వతమైతే, 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్లు, డాక్టరు వేసిన వైకల్య శాతాన్ని యథాతథంగా తీసుకోరు. అది ఆ మనిషి సంపాదన మీద ఎంత ప్రభావం చూపిందన్నదే లెక్క. ఉదాహరణకు ఏడాదికి 3,00,000 రూపాయల ఆదాయం ఉండి, సంపాదన శక్తి 20 శాతం తగ్గిందని తేలితే, 41–45 ఏళ్ల వయసుకు 2009 నాటి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులోని గుణకం (ఏడాది నష్టాన్ని వయసును బట్టి హెచ్చించే సంఖ్య) 14 కాబట్టి, ఆ ఒక్క పద్దు కిందే 8,40,000 రూపాయలు వస్తుంది. కాబట్టి యార్డులో బస్తాల దగ్గర నిలబడి చేసే పనిలో ఆయన ఇప్పుడు ఏది చేయలేకపోతున్నారో కూడా తేదీలతో రాసిపెట్టండి.

ఆటోనగర్ నుంచి:
కారు సంగతి చెబుతాను. ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు చూడకముందే రిపేరు పని మొదలుపెట్టించకండి, విప్పిన పాత భాగాలను ఆయన చూసేవరకు పారేయనివ్వకండి. మీ సొంత ఇన్సూరెన్సులో సాధారణంగా ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి సగం విలువే ఇస్తారు, అద్దాలకు తరుగుదల ఉండదు. అలా మీ చేతి నుంచి పడిన తేడాను, టోయింగ్ రసీదునూ కలిపి లారీ ఇన్సూరెన్సు నుంచి అడగవచ్చు.

పటమట నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. మరో రెండు సందేహాలు. ప్రమాద స్థలం నుంచి 108లో తీసుకువెళ్లారు కనుక అంబులెన్సు బిల్లు లేదు. ఆసుపత్రి బిల్లుల అసలు ప్రతులు మెడిక్లెయిమ్ వారికి పంపాలి. ఏం చేయమంటారు?

విజయవాడ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది:
108 సేవ ఉచితం కాబట్టి దానికి ఖర్చు చూపకూడదు. పెట్టని ఖర్చు ఒక్కటి బయటపడినా నిజమైన బిల్లులన్నిటినీ అనుమానించే అవకాశం అవతలి పక్షానికి దొరుకుతుంది. అయితే ఏ సమయంలో, ఎక్కడి నుంచి తీసుకువచ్చారన్నది ఆసుపత్రి ఎం.ఎల్.సి. (పోలీసు కేసుకు సంబంధించిన రోగుల వివరాలు రాసే) రిజిస్టరులో ఉంటుంది, దాని నకలుకు దరఖాస్తు పెట్టండి. బిల్లులను పంపేముందు ప్రతి పేజీని జిరాక్స్ తీయించి ఆసుపత్రి ముద్ర వేయించుకోండి. మెడిక్లెయిమ్ వారు ఎంత చెల్లించారో, ఏయే బిల్లులను తోసిపుచ్చారో తెలిపే లేఖను కూడా తీసుకుని అదే ఫైలులో పెట్టండి.