కోచ్ మీదికి వస్తుంటే రెండో అంపైర్ ఎక్కడుండాలి?

తెల్లటోపీ:
పోయిన ఆదివారం బెంగళూరు వైట్‌ఫీల్డ్ అవతల ఒక గ్రౌండ్‌లో అండర్-14 మ్యాచ్. 30 ఓవర్లు, మ్యాటింగ్ పిచ్. నేను బౌలర్ ఎండ్‌లో ఉన్నాను. బ్యాట్ అంచుకు తగిలిన బంతిని కీపర్ ముందుకు పడి అందుకున్నాడు. ఎడ్జ్ నాకు స్పష్టంగా వినిపించింది కానీ బౌలర్ అడ్డం రావడంతో క్యాచ్ సరిగ్గా కనిపించలేదు. స్క్వేర్ లెగ్‌లో ఉన్న పార్ట్‌నర్ వైపు చూశాను. తలూపాడు. వేలెత్తాను.

పిల్లాడు ఇంకా క్రీజు వదల్లేదు, వాళ్ళ కోచ్ సున్నం గీత దాటి పిచ్ దాకా వచ్చేశాడు. నాది మదనపల్లె అని ఆయనకు తెలుసు. "కళ్ళు ఊళ్ళో పెట్టి వచ్చావా?" అని తెలుగులోనే మొదలుపెట్టాడు. చేతిలో స్కోరు రాసుకునే అట్ట ఉంది, దాని మూల రెండుసార్లు నా ఛాతీకి తగిలింది. నా పార్ట్‌నర్ ఉన్నచోటు నుంచి కదల్లేదు. టోపీ తీసి తల తుడుచుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. అయ్యాక అడిగితే, "మీరిద్దరూ తెలుగువాళ్ళు కదా సార్, తెలిసినవాళ్ళే ఏదో మాట్లాడుకుంటున్నారనుకున్నా" అన్నాడు.

నా ప్రశ్న ఒక్కటే. అలాంటప్పుడు రెండో అంపైర్ ఎక్కడుండాలి?

కె.ఆర్.పురం కోచ్:
ముందు ఇది చెప్పండి. బంతి నేలకు తగిలిందా, లేదా?

తెల్లటోపీ:
నేను అడిగింది అది కాదు సార్.

కె.ఆర్.పురం కోచ్:
నేను అడిగేది అదే. 11 ఏళ్ళుగా పిల్లలకు ఆట నేర్పుతున్నాను. తప్పు చేసిన అంపైర్ పక్కన ఇంకో అంపైర్ నిలబడితే తప్పు ఒప్పయిపోదు. నిరుడు మా కుర్రాడిని రనౌట్ ఇచ్చారు, బ్యాట్ గీత లోపల ఉంది. నేను బయటినుంచే మర్యాదగా అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, జవాబు చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ పిల్లాడు మళ్ళీ నెట్స్‌కి రాలేదు. వాళ్ళ నాన్న ఫోన్ చేసి అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

పెవిలియన్ ఎండ్:
2019 ఐపీఎల్, జైపూర్. ఒక అంపైర్ నోబాల్ అని చెయ్యి చాపాడు, స్క్వేర్ లెగ్ అంపైర్ కాదన్నాడు. అంపైర్లిద్దరూ అందరి ముందూ చెరో మాట చెప్పేసరికి ధోని లాంటివాడే డగౌట్‌లోంచి లేచి వచ్చాడు. మ్యాచ్ ఫీజులో 50 శాతం పోయింది.

సిల్క్‌బోర్డ్ నాన్న:
2022 ఐపీఎల్‌లో, వాంఖడేలో, ఢిల్లీ అసిస్టెంట్ కోచ్ ప్రవీణ్ ఆమ్రే గ్రౌండ్ లోపలికి వెళ్ళారు. ఫీజు 100 శాతం కోత, పైగా ఒక మ్యాచ్ నిషేధం. కోచ్ గీత దాటకూడదు, అంతే.

కె.ఆర్.పురం కోచ్:
అక్కడ మ్యాచ్ రిఫరీ ఉన్నాడు. మూడో అంపైర్ ఉన్నాడు. ఇక్కడ మా పిల్లాడి గోడు ఎవరు వింటారు?

తెల్లటోపీ:
ఇక్కడ నా గోడు మాత్రం ఎవరు వింటారు సార్? రిఫరీ లేడు కాబట్టే పార్ట్‌నర్ కావాలంటున్నాను. క్రికెట్ నిబంధనల్లో 42వది చదవండి. 2017 కోడ్‌లో వచ్చింది. మొదటి స్థాయి తప్పుకు ముందు హెచ్చరిక, మళ్ళీ చేస్తే ఎదుటి జట్టుకు 5 పరుగులు. కానీ అది ఆటగాళ్ళ ప్రవర్తన గురించి. కోచ్ మీదికి వస్తే నేను కెప్టెన్‌ని పిలవాలి. ఆ రోజు కెప్టెన్‌కి పదమూడేళ్ళు. హెల్మెట్ చేత్తో పట్టుకుని బౌండరీ దగ్గర నిలబడి ఉన్నాడు, కళ్ళల్లో నీళ్ళు. 'మీ సార్‌ని బయటికి తీసుకెళ్ళు నాన్నా' అని వాడితో ఎలా అనను? అనలేకపోయాను.

స్కోరర్ అక్క:
నేను స్కోరు పుస్తకం పట్టుకుని ఇలాంటివి చాలా చూశాను. బాగా చేసినవాళ్ళు ఎలా చేశారో చెప్తాను. నిర్ణయం ఇచ్చిన అంపైర్ మాట్లాడడు. స్క్వేర్ లెగ్ అంపైర్ నడుచుకుంటూ వస్తాడు, పరిగెత్తడు. వచ్చి ఇద్దరి మధ్యలో నిలబడతాడు. "సార్, నాతో చెప్పండి, వింటాను, గీత అవతలికి వెళ్ళి మాట్లాడదాం" అని కోచ్ పక్కనే నడుస్తాడు. ఈలోపు మొదటి అంపైర్ వికెట్ల దగ్గరికి వెళ్ళి ఎన్ని బంతులయ్యాయో సరిచూసుకుంటాడు. నడుస్తున్నప్పుడు రెండో అంపైర్ "అవుటే" అనడు, "నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు" అని అసలే అనడు. ఆ ఒక్క మాట అన్నాడా, ఇంక ఆ రోజంతా మొదటి అంపైర్‌ని ఎవరూ లెక్కచేయరు.

పెవిలియన్ ఎండ్:
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. 2006 ఓవల్ టెస్టులో పాకిస్తాన్ బంతిని పాడుచేసిందని బంతి మార్చి, ఇంగ్లండ్‌కి 5 పరుగులు ఇవ్వడం అంపైర్లు హెయిర్, డాక్ట్రోవ్ ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం. జనం తిట్టింది హెయిర్‌నే. తర్వాత ఐసీసీ కొంతకాలం పక్కన పెట్టిందీ ఆయన్నే.

కె.ఆర్.పురం కోచ్:
అందరూ కలిసి అంపైర్లకు భజన చేస్తున్నారు. దొంగకు దొంగ సాక్ష్యం! తెల్లటోపీ గారూ, మీ పార్ట్‌నర్‌ని ఎవరు పంపారు?

తెల్లటోపీ:
దానికీ దీనికీ ఏం సంబంధం?

కె.ఆర్.పురం కోచ్:
సూటిగా చెప్పవయ్యా. ఎవరు పంపారు?

తెల్లటోపీ:
"చెప్పవయ్యా" అనకండి. నేను మిమ్మల్ని ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడలేదు. దొంగ అన్నది నన్నేనా?

సిల్క్‌బోర్డ్ నాన్న:
ఇద్దరూ కాస్త తగ్గండి. మా పిల్లలు కూడా ఇది చదువుతారు.

తెల్లటోపీ:
సరే, చెప్తాను. రావాల్సిన అంపైర్ ఆ పొద్దున ట్రాఫిక్‌లో ఇరుక్కుని రాలేదు. ఆతిథ్య అకాడమీలో నెట్స్ చూసే కుర్రాడిని నిలబెట్టారు. కీపర్ కూడా ఆ అకాడమీవాడే.

కె.ఆర్.పురం కోచ్:
అదీ సంగతి. కీపర్‌కి రోజూ క్యాచ్‌లు నేర్పేవాడు తలూపితే మీరు అవుటిచ్చారు. ఆ కోచ్ స్థానంలో నేనున్నా గీత దాటేవాణ్ణి. అట్ట తగలడం తప్పు, అది ఒప్పుకుంటాను. కానీ మీ ఫీజు కవర్ కూడా ఆ అకాడమీవాళ్ళే ఇచ్చి ఉంటారు, అవునా? మా కోపం మీ కళ్ళ మీద కాదండీ. మీరిద్దరూ ఎవరి మనుషులు అన్నదాని మీద.

తెల్లటోపీ:
కవర్ వాళ్ళే ఇచ్చారు. కాదనను. కానీ అనుమానం ఉంటే బాగా చూసే వీలున్న పార్ట్‌నర్‌ని అడగమని 31వ నిబంధనే చెప్తోంది. పక్కన నిలబడ్డవాడిని నమ్మకపోతే నేను ఒక్క ఓవర్ కూడా నిలబడలేను. నిజం చెప్పాలంటే ఆ కుర్రాడు దగ్గరికి రాకపోవడానికి కారణం తెలుగు రాకపోవడం కాదు. వస్తే ఆ కోచ్ మీరు అడిగిన ప్రశ్నే వాణ్ణి అడిగేవాడు. అది వాడికి తెలుసు. నాకూ తెలుసు. నాలుగు రోజులుగా నన్ను తొలిచేస్తున్నది అదే.

స్కోరర్ అక్క:
టాస్‌కి ముందే ఇద్దరు కోచ్‌లనూ పిలిచి, ఇతను ఫలానా అకాడమీ మనిషి, మీకు అభ్యంతరమా అని అడగాల్సింది తమ్ముడూ.

తెల్లటోపీ:
అడగాల్సింది అక్కా. టైమైపోతోందన్న టెన్షన్‌లో అడగలేదు.

కె.ఆర్.పురం కోచ్:
వచ్చే ఆదివారం మా గ్రౌండ్‌లో మ్యాచ్ ఉంది. అంపైర్లిద్దరినీ బయటినుంచే పిలుస్తాను, ఫీజు రెండు జట్లూ చెరిసగం. క్యాచ్ మీద అనుమానమొస్తే దూరం నుంచి తలూపడం కుదరదు. ఇద్దరూ దగ్గరికొచ్చి మాట్లాడుకోవాలి. వస్తారా?

తెల్లటోపీ:
వస్తాను. మీరు గీత లోపలికి రానని మాటివ్వండి.

కె.ఆర్.పురం కోచ్:
ఆ మాట ఇవ్వలేను. ప్రయత్నిస్తాను. ఎనిమిదిన్నరకల్లా రండి.