ఆరాధన అయ్యాక కొత్త కుటుంబాలు ఆగడం లేదు, ఏం చేయాలి?

అందరికీ వందనాలు. మాది గుంటూరులో సుమారు 70 కుటుంబాలున్న చిన్న క్రైస్తవ సంఘం. ఏడాదిగా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో అద్దెకు దిగిన 14 కుటుంబాలు ఆదివారం ఆరాధనకు వస్తున్నాయి. ఉదయం 9:30కి మొదలై 12:15కి ముగుస్తుంది. చివరి ఆశీర్వాదానికి ఆమేన్ అనేసరికే వాళ్ళు గుమ్మం దగ్గర చెప్పుల కుప్పలో తమ జత వెతుక్కుంటూ ఉంటారు. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

మూడు నెలలు ఆరాధన తర్వాత టీ, బిస్కెట్లు పెట్టాం. పాతవాళ్ళు పాతవాళ్ళతోనే మాట్లాడుకున్నారు. బుధవారం రాత్రి 7 గంటలకు గృహ ప్రార్థన కూడికలు పెడితే మూడు కుటుంబాలే వచ్చాయి. మిగతావాళ్ళలో చాలామంది బట్టల షాపుల్లో, ఆసుపత్రుల్లో పని చేస్తారు, ఇంటికి చేరేసరికే తొమ్మిది దాటుతుంది.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) తర్వాత ప్రేమ విందు, అంటే సంఘమంతా కలిసి చేసే భోజనం కూడా పెట్టాం. అందరూ భోంచేశారు గానీ, కొత్తవాళ్ళు చివరి వరుసలోనే తిని వెళ్ళిపోయారు. ఒక పెద్దావిడ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని ఒంటరిగా తింటూ కనిపించారు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకోకపోవడం మా తప్పే.

డిసెంబరులో క్యారల్స్‌కి ఇంటింటికీ వెళ్తాం. ఆలోపే ఈ దూరం తగ్గాలని మా ఆశ. ఖర్చుకు ఇబ్బంది లేదు, వంటకు మనుషులున్నారు.

మీ సంఘంలో కొత్త కుటుంబాలు పాతవారితో నిజంగా కలిసిపోవడానికి పనికొచ్చిన కార్యక్రమం ఏది, దాన్ని ఏ రోజు, ఏ సమయానికి పెట్టారు?