వరల్డ్ లిటరేచర్ ఫైనల్: కథలన్నీ తెలుసు, వ్యాసమే రాయలేకపోతున్నా

చివరి_బెంచి:
వచ్చే వారమే ఫైనల్. గిల్గమెష్, ఒడిస్సీ, ఈడిపస్ రెక్స్, డాంటే ఇన్ఫెర్నో, అచెబె థింగ్స్ ఫాల్ అపార్ట్ ఉన్నాయి. ఒక భాగంలో పేరా ఇచ్చి అది ఎందులోది, ఎవరి మాటలు, ఎందుకు ముఖ్యం అని అడుగుతారు. రెండో భాగం రెండు రచనల్ని పోలుస్తూ వ్యాసం, అక్కడే పెన్ను కదలట్లేదు. అన్నీ మళ్ళీ మొదట్నుంచి చదవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

పాత_నోట్సు:
వద్దు, అంత టైమ్ లేదు. కథ చెప్తే మార్కులు పడవు, దిద్దేవాళ్ళకి కథ తెలుసు. ఒక్కో రచనలో మూడు నాలుగు ఘట్టాలు గట్టిగా పట్టుకో. ఒడిస్సీలో సైక్లోప్స్ అనే ఒంటికన్ను రాక్షసుడి గుహ చూడు: తన పేరు 'ఎవరూ కాదు' అని చెప్పి బయటపడ్డ ఒడిస్సియస్, తీరా ఓడెక్కాక గర్వం ఆపుకోలేక అసలు పేరు అరిచి చెప్తాడు, ఆ రాక్షసుడి తండ్రి, సముద్ర దేవుడు పోసైడన్ పగ నెత్తికి తెచ్చుకుంటాడు. తెలివి, అహంకారం, అతిథి మర్యాద, దేని మీద అడిగినా ఈ ఒక్క ఘట్టం పనికొస్తుంది.

మధ్యాహ్నం_నిద్ర:
పోలికకి నేనైతే ఈడిపస్‌నీ, థింగ్స్ ఫాల్ అపార్ట్ హీరో ఒకొంక్వోనీ తీసుకుంటా. తండ్రిని చంపుతావన్న జోస్యం తప్పించుకోవాలని ఈడిపస్ కోరింత్ వదిలేస్తాడు, ఆ దారిలోనే అసలు తండ్రిని చంపుతాడు. ఒకొంక్వో తండ్రి ఉనోకాలా బతక్కూడదని జీవితమంతా పెనుగులాడి, చివరికి ఉనోకాలాగే సొంతవాళ్ళ చేతుల మీదుగా అంత్యక్రియలకి కూడా నోచుకోడు. తేడా కూడా రాయాలి సుమా, ఒకొంక్వో విషయంలో అంతా విధి మీదకి నెట్టేస్తే ఆంగ్లేయుల పాలన, మిషనరీలు ఎక్కడికి పోయారు అంటారు.

చివరి_బెంచి:
ఇది బాగుంది! మరి గిల్గమెష్, డాంటే?

పాత_నోట్సు:
చావు అనే అంశం తీసుకో. ప్రాణస్నేహితుడు ఎన్కిడు పోయాక గిల్గమెష్ తను కూడా చావాల్సిందేనా అని భయపడి చావు లేని ఉత్నపిష్టిమ్‌ని వెతుక్కుంటూ పోతాడు. ఒడిస్సీ 11వ పుస్తకంలో ట్రాయ్ యుద్ధవీరుడు అకిలీస్ ప్రేతం, చచ్చినవాళ్ళకి రాజుగా ఉండేకన్నా బతికి కూలి చేసుకోవడం నయం అంటుంది. ఇక ఇన్ఫెర్నో 26వ కాంటోలో (సర్గలో) డాంటే ఆ ఒడిస్సియస్‌నే నరకంలోని ఎనిమిదో వలయంలో మంటల్లో పెట్టాడు. హోమర్‌కి వీరుడైనవాడు డాంటేకి పాపి ఎలా అయ్యాడు? దీని మీదే ఒక వ్యాసం రాయొచ్చు.

గీతల_పుస్తకం:
ఒక్క మాట. ఘట్టాలు సరే గానీ, నెట్‌లో దొరికే సారాంశాలతో పేరా గుర్తుపట్టలేరు, అసలు వాక్యాలు కంటికి అలవాటు కావాలి. రోజూ ఒక్కో పుస్తకంలో ఎక్కడో తెరిచి రెండు పేజీలు చదివి, ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు అని చూసుకో. అచెబె చివరి పేరా తప్పకుండా చదువు, అప్పటిదాకా ఊరివాళ్ళ వైపు నుంచి నడిచిన కథ ఒక్కసారిగా జిల్లా కమిషనర్ బుర్రలోకి వెళ్తుంది, ఆయన రాయబోయే పుస్తకంలో ఒకొంక్వోకి మహా అయితే ఒక పేరా. వ్యాసాలు మాత్రం గడియారం పెట్టుకుని రెండైనా పూర్తిగా రాయి, మనసులో అనుకుంటే సరిపోదు.

చివరి_బెంచి:
ఈడిపస్, ఒకొంక్వో మీద రాత్రికి ఒకటి రాసి ఇక్కడే పెడతా. మొహమాటం లేకుండా తిట్టండి.