చేపపిల్లల గుంపు మీద ఫ్రాగ్ (రబ్బరు కప్ప ఎర) వేసి కొర్రమీనును లాగడం సరైన వేటేనా?

రబ్బరుకప్ప (సిద్దిపేట)

మొన్న ఆదివారం మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో మీద పెద్ద గొడవైంది. మావాడొకడు ఊరి చెరువు తూము దగ్గర రెండు కిలోలకు తక్కువ కాని కొర్రమీనును పట్టాడు. చేప బాగుంది. కింద రాసింది చదివాకే నాకు ఒళ్లు మండింది: "పిల్లల గుంపు కనబడింది, ఎర మూడోసారి విసరగానే తల్లి దొరికింది." సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది తిట్టారు. అక్కడ తేలలేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా.

కొత్తగా గాలం పట్టినవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తా. వానలు పడి చెరువులోకి నీళ్లొచ్చాక కొర్రమీను జంట నాచు, తుంగ ఉన్న లోతు తక్కువ చోట జాగా చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీదే తేలుతాయి. పిల్లలు బయటికొచ్చాక పెద్ద చేపలు వాటి కిందే తిరుగుతూ కొన్ని వారాలు కాపలా కాస్తాయి. పిల్లలు ఎర్రగా, నారింజ రంగుకు దగ్గరగా ఉంటాయి, వందల్లో ఒకే ముద్దగా కదులుతాయి. కొర్రమీను గాలి పీల్చే చేప కదా, పిల్లలన్నీ కలిసి పైకొచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆ కాస్త మేర సన్నని చినుకులు పడుతున్నట్టు కనబడుతుంది. కాసేపటికి ఆ పక్కనే పెద్దది గుభుక్కుమని గాలి తీసుకుంటుంది. వేటగాడు కాచుకునేది ఆ శబ్దం కోసమే. గుంపుకు అవతల రబ్బరు కప్పను పడేసి, పిల్లల మీదుగా మెల్లగా లాగుతాడు. కింద ఉన్నది ఆకలితో కొట్టదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని కొడుతుంది. వద్దనుకున్నా కొట్టకుండా ఉండలేదు.

నేను అడిగేది అక్కడే. ఎర చూపించి చేపను ఒప్పించడం మన సరదా. పిల్లల్ని కాస్తున్న దాన్ని రెచ్చగొట్టి పట్టడంలో మన పనితనం ఏముంది? గుంపు కనబడితే రాడ్ తీసుకుని పక్కకు పోవాలన్నది నా మాట.

గట్టుమీదోడు (హనుమకొండ)

అన్నా, నీ బాధ అర్థమైంది కానీ లెక్క ఎక్కడో తప్పుతోంది. ఎండాకాలం చెరువు అడుగంటితే ఏమవుతుందో నీకు తెలియదా? వలలు వేసి మడుగు మడుగునా ఊడ్చేస్తారు. అందులో తల్లి ఏది, తండ్రి ఏది అని ఎవరైనా చూస్తారా? రాత్రిపూట కరెంటు తీగలు పెట్టేవాళ్లున్నారు, మందు కలిపేవాళ్లున్నారు. పేలుడు, విషం వాడకూడదని 1897 నాటి ఫిషరీస్ చట్టంలోనే ఉంది, ఎవరు పట్టించుకున్నారు? వాళ్లనందరినీ వదిలేసి, నెలకో ఆదివారం ఏడడుగుల రాడ్‌తో గట్టున నిలబడేవాడి మీదా పంచాయితీ?

ఇంకోటి. ఒక జంట పెట్టేవి వేల గుడ్లు. అందులో పెద్దవయ్యేవి ఎన్ని? ఆకలేస్తే ఒకదాన్నొకటి తినే జాతి అది. ప్రకృతే అంత లెక్క వేసి పెట్టింది. ఒక్క చేప పోతే చెరువేం ఖాళీ అవదు.

రబ్బరుకప్ప (సిద్దిపేట)

తమ్మీ, కరెంటు పెట్టేవాడు చేసేది నేరం. వాడిని చూపించి మనం మంచోళ్లమైపోతే ఎట్లా? వలకు ఏ చేపైనా ఒకటే. మనం మాత్రం చెరువంతటిలో సరిగ్గా పిల్లల్ని కాసేదాన్నే ఏరుకుని పడుతున్నాం. అది తేడా కాదా?

వేల గుడ్లు పెట్టేదే చాలా పోతాయని. అందులో మన వాటా కూడా కలిపి పెట్టదు కదా.

కైకలూరు కుర్రోడు

కొల్లేరు పక్క నుంచి ఒక మాటండి. మా వైపు కార్ప్ చెరువుల్లో కొర్రమీనుకు ఇంత మర్యాద లేదు. బొచ్చె, శీలావతి పిల్లలు వదిలే ముందు ఇప్ప చెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి, చేపలకు విషం) వేసి కొర్రమీను, మట్టగిడస, జెల్ల అన్నిటినీ తీసేస్తారు. లేకపోతే వదిలిన సీడ్‌కు (పెంపకం చేపపిల్లలకు) గ్యారంటీ ఉండదు. చెరువులో దాని గుంపు కనబడితే రైతుకు టెన్షన్. కాబట్టి "కొర్రమీను తల్లిని పట్టడం పాపం" అని అన్ని నీళ్లకూ కలిపి రూలు పెట్టకండి. పెంపకం చెరువు వేరు, మీ ఊరి చెరువు వేరు, వాగు వేరు.

అలాగని నేను గుంపు మీద వేస్తానని కాదండోయ్. మా తాతగారు వాగులో గుంపు కనబడితే గాలం చుట్టేసేవారు. ఎందుకు తాతా అంటే "వచ్చే ఏడు నీకెవడు పెడతాడ్రా" అనేవారు.

పాలేరు స్పిన్నర్ (ఖమ్మం)

ఇద్దరూ ఒకటి మర్చిపోతున్నారు. పట్టి వదిలేస్తే గొడవేముంది? నేను హుక్ కొసన ఉండే ఎదురు ముల్లును ప్లయర్‌తో నొక్కేసి వాడతాను, తడి చేత్తో పట్టుకుంటాను, ఒక్క ఫోటో తీసి నీళ్లలో పెడతాను. గాలి పీల్చే చేప కాబట్టి మిగతా చేపల కన్నా కొర్రమీను బయట ఎక్కువసేపు తట్టుకుంటుంది. తడి గోనెసంచిలో పెట్టి బతికుండగానే సంతకు తీసుకెళ్లేది అందుకే కదా. బొచ్చెను అలా బయట ఉంచితే చచ్చిపోతుంది. వేట మజా దక్కుతుంది, తల్లి పిల్లల దగ్గరికి వెళ్తుంది.

టొరంటో తెలుగోడు

పాలేరు అన్నా, సరిగ్గా ఈ వాదన మీదే ఇక్కడ బాస్ అనే చేపను పట్టేవాళ్లు ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. లార్జ్‌మౌత్ బాస్‌లో గూడు కాసేది మగది. దాన్ని గూడు మీద నుంచి లాగేస్తే చుట్టూ కాచుకుని ఉన్న చిన్న చేపలు నిమిషాల్లోనే గుడ్ల మీద పడతాయి. మగది తిరిగొచ్చేసరికి మిగిలింది మరీ తక్కువైతే గూడు వదిలేసి పోతుంది. చేప బతికే ఉంటుంది, పిల్లలే ఉండవు. అందుకే దక్షిణ ఒంటారియోలో చాలా చోట్ల జూన్ దాకా బాస్ సీజన్ తెరవరు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అదే వేట ఏడాదంతా నడుస్తుంది, అక్కడివాళ్లు "మా చెరువులకేం కాలేదు" అంటారు. కాబట్టి ఇక్కడా తేలిపోయిన విషయమేం కాదు.

కొర్రమీనులో ఒక తేడా ఉంది. కాపలాకు రెండో చేప కూడా ఉంటే అది కొంత ఆపుతుంది. కానీ నాకు తెలిసిన ఫ్రాగ్ వేటగాళ్లు మొదటిది దొరగ్గానే రెండోదాని కోసం మళ్లీ వేసే రకమే.

వర్జీనియా నుంచి

మా దగ్గర తిరకాసు కేసు. మన కొర్రమీను కుటుంబానికే చెందిన తూర్పాసియా జాతి స్నేక్‌హెడ్ 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో బయటపడింది, తర్వాత పొటోమాక్ నదిలో స్థిరపడిపోయింది. బయటి చేప, మా చేపల్ని తినేస్తోందని ఇక్కడ ప్రభుత్వమే పట్టుకుని చంపి తినండి అంటుంది. కాబట్టి ఇక్కడ గుంపు మీద ఫ్రాగ్ వేస్తే ఊరికి మేలు చేసినట్టే. మన చెరువుకు అది సొంత చేప, కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడా. అమెరికా యూట్యూబ్ వీడియోలు చూసి ఇక్కడి పద్ధతి అక్కడ దింపేవాళ్లు ఈ తేడా చూసుకుంటే మంచిది. పులుసు మాత్రం రెండు చోట్లా ఒకేలా కుదురుతుంది.

గట్టుమీదోడు (హనుమకొండ)

బాస్ గూడు కదలదు అన్నా, ఒక చోటే ఉంటుంది. కొర్రమీను పిల్లలు ఈదుతూ తిరుగుతాయి, ఒక నిమిషం తల్లి లేకపోతే నాచులోకి దూరిపోతాయి. రెండూ ఒకటి కాదు.

రబ్బరుకప్ప (సిద్దిపేట)

ఒక నిమిషమా? నలభై పౌండ్ల బ్రెయిడ్ దారం వేసి, తుంగలోంచి నాచు ముద్దతో సహా లాగి, గట్టు మీద పడేసి, చేప నోట్లోంచి కప్ప ముళ్లు రెండూ తీసి, ఫోన్ వెతుక్కుని, ఫోటో సరిగా రాలేదని ఇంకోటి తీసి... నువ్వు వదిలేది ఎంతసేపటికో నువ్వే చెప్పు. పైగా గట్టు మీద నలుగురుంటే నలుగురికీ తలో ఫోటో. ఆ లోపల మట్టగిడసలు, తిలాపియాలు ఊరుకుంటాయా?

సుబ్బు కయాక్

మధ్యలో అడ్డొస్తున్నందుకు సారీ. గట్టు నుంచి అందని గుంపుల కోసం బెలూన్ బోటు కొందామనుకుంటున్నా. మంజీరా వైపు ఎలా ఉంటుంది?

మాడరేటర్

సుబ్బు గారు, బోట్ల మీద వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. సంగారెడ్డి దగ్గరి మంజీరా జలాశయం అభయారణ్యం, అక్కడ వేట నిషేధం. పైగా మొసళ్లున్న నీళ్లు. ఎక్కడ వేసినా లైఫ్ జాకెట్ లేకుండా బెలూన్ బోటు ఎక్కకండి, తుమ్మముల్లు తగిలితే గాలి పోవడానికి ఎంతోసేపు పట్టదు.

తూముకాడ (మత్స్య సహకార సంఘం సభ్యుడు)

రెండు రోజుల నుంచి చదువుతున్నా. చేప గురించి మాట్లాడారు, పిల్లల గురించి మాట్లాడారు. ఆ చెరువు ఎవరి చేతిలో ఉందో ఒక్కరూ అడగలేదు.

మా చెరువు సంఘం పేరు మీద ఉంది. మేం కట్టాల్సింది కడతాం, రాత్రిళ్లు కాపలా ఉంటాం. సర్కారు సీడ్ వస్తే పోస్తాం. ఎండిపోయే చెరువుకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే చెరువుకు 80-100 మిల్లీమీటర్లవి ఇస్తారు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ, ఇవీ మాకొచ్చేవి. ఇవి పెరుగుతాయి, బరువు తూగుతాయి. కానీ బొచ్చె, రవ్వ నిలవ నీళ్ల చెరువులో పిల్లలు పెట్టవు, వాటికి పారే నీరు కావాలి. అందుకే వాటికి హ్యాచరీలో ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టిస్తారు. 1957లో ఒడిశాలో ఆ పద్ధతి కుదిరింది కాబట్టే ఈరోజు లారీల్లో సీడ్ వస్తోంది. మీరు మా చెరువులో ఒక బొచ్చెను పట్టుకుపోతే మాకు ఒక చేప నష్టం, అంతే. వచ్చే ఏడాది సీడ్ మళ్లీ వస్తుంది.

కొర్రమీను మాకు లారీలో రాదు. చెరువు ఎండినా బురదలో తల దాచుకుని మిగిలిన నాలుగు పెద్ద చేపలే వానలకు పిల్లలు పెడతాయి. అవే మాకు సీడ్. బతికున్న కొర్రమీను కిలో నాలుగైదు వందలు పలుకుతుంది, మృగశిర కార్తె నాడు ఇంకా ఎక్కువ. బొచ్చెలో వచ్చేది ఖర్చులకు పోతుంది, ఇంట్లోకి పనికొచ్చేది ఈ కొర్రమీను డబ్బే. పిల్లల్ని కాసే పెద్దదాన్ని మీరు లాగితే మాకు పోయేది రెండు కిలోల చేప కాదు.

గట్టుమీద తమ్ముడు వలల గురించి అన్నాడు. నిజమే, ఎండాకాలం మేం ఊడుస్తాం. కానీ వానాకాలంలో గుంపు తిరుగుతున్న చోట మా సంఘంలో ఎవరూ వల దింపరు. అందరూ ఇట్లాగే చేస్తారని నేను చెప్పను. మా దగ్గర ఇంతే.

కైకలూరు కుర్రోడు

బాబాయ్ గారు, మరి కొర్రమీను మీ సీడ్ పిల్లల్ని తినదా? మా రైతులు భయపడేది అందుకే.

తూముకాడ

తింటుంది బాబూ. చిన్న సీడ్ పోసిన ఏడాది బాగా తింటుంది. అందుకే పెద్ద సైజు ఇవ్వమని మా సంఘం గొడవ చేస్తుంది. పెంపకం చెరువులో మేత పెడతారు కాబట్టి మీకు అది దొంగ. మాది మేత పెట్టని చెరువు. కప్పలు, పరకలు, చచ్చుపుచ్చు చేపలు తిని పెరిగి మాకు అంత ధర ఇస్తుంది. తిన్న సీడ్ ఖరీదు పోగా కూడా మాకు మిగులే.

పాలేరు స్పిన్నర్ (ఖమ్మం)

ఈ కోణం నేను చూడలేదు బాబాయ్. పట్టి వదలడం గురించి నా అభిప్రాయం మాత్రం అలాగే ఉంది, కానీ అది గుంపు లేని చేపకు. గుంపు మీద వేయడం మానేస్తా.

గట్టుమీదోడు (హనుమకొండ)

బాబాయ్ మాటకు విలువ ఇస్తా. ఆయన చెరువులో ఆయన చెప్పినట్టే. కానీ సంఘం లేని కుంటలు, కాలువలు, రిజర్వాయర్ల వెనక నీళ్లు బోలెడున్నాయి. అక్కడ కూడా రూలు పెట్టి, వేసినవాడిని గ్రూపులో దొంగను చూసినట్టు చూస్తే నేను ఒప్పుకోను. వద్దనుకున్నవాళ్లు మానేయండి, మిగతావాళ్లను వదిలేయండి.

ఒకటి అడుగుతా. పిల్లలు ఎంత సైజు అయ్యాక తల్లిని పట్టొచ్చంటారు? జీవితాంతం కాపలా ఉండదు కదా.

రబ్బరుకప్ప (సిద్దిపేట)

కుంటల్లో ఎవరూ లేరు కాబట్టే ఇంకా జాగ్రత్త కావాలి, అక్కడ అడ్డుకునేవాడు కూడా ఉండడు. ఈ మాట మీద నేను కదలను. గ్రూపులో తిట్టడం మాత్రం ఆపిస్తా. తిడితే ఫోటో కింద రాయడం మానేస్తారు, పట్టడం మానరు.

సైజుకు సమాధానం: ఎర్ర రంగు పోయి గోధుమ రంగుకు తిరిగి, ముద్దగా కాకుండా విడివిడిగా చెల్లాచెదురయ్యాక. చినుకుల్లా పైకి రావడం ఆగిందంటే కాపలా అయిపోయినట్టే. రంగు ఉన్నంతకాలం వద్దు.

గట్టుమీదోడు (హనుమకొండ)

రంగు వరకు ఒప్పుకుంటా. నా కుంటల మాట అలాగే ఉంది.

తూముకాడ

రంగు పోయాక మా చెరువుకు రండి తమ్మీ. ముందు సంఘం అధ్యక్షుడికి ఫోన్ చేసి రావాలి. రోజుకు ఒక రాడ్‌కు ఇంత అని తీసుకుంటాం, రెండు చేపల వరకు మీవి, ఆపైన దొరికితే తూకం వేసి మార్కెట్ ధర. ట్రాక్టర్ ట్యూబు తెప్ప ఉంది కానీ ఈత వచ్చినవాళ్లకే ఇస్తాం.