రిచర్డ్, యాన్‌ల ప్రేమకథలో భూముల లెక్క చెప్పాలా, వద్దా?

పాతపుస్తకాల సంచి:
ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ మీద వచ్చిన నవలలు కొన్నాళ్లుగా వరసపెట్టి చదువుతున్నాను. ఆయన్ని మంచివాడిగా చూపించే వాటిలో కథ ఇంచుమించు ఒకటే. యార్క్‌షైర్‌లోని మిడిల్‌హమ్ కోటలో రిచర్డ్, యాన్ నెవిల్ కలిసి పెరుగుతారు. రాజకీయాలు విడదీస్తాయి. తండ్రి వారిక్ ప్రభువు ఆమెను శత్రువర్గపు యువరాజుకు కట్టబెడతాడు. ఆ యువరాజు యుద్ధంలో పోతాడు. యాన్‌ను ఆమె బావ క్లారెన్స్ ఎక్కడో దాచేస్తే, రిచర్డ్ లండనంతా గాలించి, వంటమనిషి వేషంలో ఉన్న ఆమెను పట్టుకుని పెళ్లాడతాడు. బాగుంటుంది. అర్ధరాత్రి దాకా వదలకుండా చదివాను.

అదే సంగతి చరిత్ర పుస్తకంలో చదివితే వేరే కథ కనిపిస్తుంది. వారిక్‌కు కొడుకుల్లేరు, ఇద్దరూ కూతుళ్లే. 1471 ఏప్రిల్‌లో బార్నెట్ యుద్ధంలో ఆయన పోయాడు. పెద్దమ్మాయి ఇసబెల్ అప్పటికే క్లారెన్స్ భార్య. ఈ క్లారెన్స్ ఎవరో కాదు, రిచర్డ్‌కు సొంత అన్న. రెండో అమ్మాయి యాన్ మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండిపోతే ఆస్తి మొత్తం ఆయనదే. అందుకే దాచాడు. తమ్ముడు వెతికింది ప్రేమతోనా, వాటా కోసమా అన్నది మీరే చెప్పాలి.

అసలు విశేషం ఇంకోటుంది. ఆ ఆస్తిలో పెద్ద భాగం వారిక్ భార్యది, ఆమె పుట్టింటివైపు నుంచి వచ్చింది. ఆవిడ బతికే ఉంది, బ్యూలీ మఠంలో శరణు తీసుకుని. 1474లో పార్లమెంటు ఏం చేసిందంటే, ఆవిడ చనిపోయినట్టే లెక్క అని చట్టం చేసి, అల్లుళ్లిద్దరికీ పంచిపెట్టింది. అదే చట్టంలో ఒక క్లాజు ఉంది. రేపు రిచర్డ్, యాన్‌ల పెళ్లి చెల్లదని విడాకులైనా సరే, ఆమెను మళ్లీ చట్టప్రకారం చేసుకోవడానికి అతను ప్రయత్నిస్తూ, ఆమె బతికుండగా ఇంకొకర్ని చేసుకోకపోతే చాలు, ఆమె వాటా భూములు అతను బతికున్నన్నాళ్లూ అతనివే.

పెళ్లయిన రెండేళ్లకే విడాకుల తర్వాతి లెక్క రాసిపెట్టుకున్న మొగుణ్ని నవలలు ప్రేమమూర్తిగా చూపిస్తున్నాయి. నేను చదివినవాటిలో ఒక్కదాంట్లోనూ ఈ క్లాజు లేదు. దీన్ని కల్పనా స్వేచ్ఛ అని సరిపెట్టుకోవాలా? నాకైతే మోసంలాగే ఉంది.

నిశాచరి:
సంచి గారూ, మీరు నవల కొన్నారా, దస్తావేజు కొన్నారా? 😄

సీరియస్‌గానే చెప్తాను. 15వ శతాబ్దం నుంచి మనదాకా వచ్చినవి ఎక్కువగా భూమి కాగితాలు, కోర్టు కాగితాలు, ఖర్చుల పద్దులు. వాటిని దాచాల్సిన అవసరం ఉంది కాబట్టి దాచారు. ఇద్దరు మనుషులు రాత్రిపూట ఏం మాట్లాడుకున్నారో ఏ గుమాస్తా రాస్తాడు? కాగితం లేదు కాబట్టి ప్రేమ లేదనడం చరిత్రా? మా అమ్మమ్మ, తాతయ్యల పెళ్లికి మిగిలిన ఒకే ఒక్క ఆధారం పసుపు కుంకుమల కింద రాసిచ్చిన ఎకరం కాగితం. దాన్ని చూసి వాళ్ల కాపురం అంచనా కడతారా?

ఆ క్లాజులో మీకు ఆస్తి మాత్రమే కనపడింది. "ఆమెను మళ్లీ చేసుకోవడానికి ప్రయత్నించాలి, ఇంకొకర్ని చేసుకోకూడదు" అన్న షరతు నాకు కనపడింది. మంచి రచయిత్రి చేతిలో పడితే ఆ ముక్క ఒక్కటి చాలు అధ్యాయం రాయడానికి.

రికార్డు మాస్టారు:
ఇద్దరూ కాస్త ఆగండి. వంటమనిషి వేషం రొమాన్స్ రచయితలు పుట్టించింది కాదు. క్రౌలండ్ మఠంలో రాసిన చరిత్రలో ఉంది. క్లారెన్స్ ఆమెను దాచడం, రిచర్డ్ ఆమెను లండన్‌లో ఆ వేషంలో కనిపెట్టి సెయింట్ మార్టిన్స్ శరణాలయానికి చేర్చడం, రెండూ అందులోనివే. తన ఇంటికి తీసుకుపోకుండా శరణాలయంలో దింపడం గమనించండి. బలవంతంగా ఎత్తుకొచ్చాడని రేపు ఎవరూ అనకుండా చూసుకున్నాడనుకోవచ్చు, లేదా ఆమె మర్యాద కాపాడాడనుకోవచ్చు. చరిత్ర రాసినాయన అంతరార్థం చెప్పలేదు. అన్నదమ్ముల ఆస్తి గొడవ చెబుతూ మధ్యలో ఈ సంగతి చెప్పి ముందుకు పోయాడు.

అందులోనే ఇంకో చోట ఉంది. 1484 వసంతంలో వాళ్ల ఒక్కగానొక్క కొడుకు ఎడ్వర్డ్ మిడిల్‌హమ్‌లో చనిపోయాడు. కబురు అందేసరికి తల్లిదండ్రులు నాటింగమ్‌లో ఉన్నారు. ఆ దుఃఖంతో ఇద్దరూ దాదాపు మతి తప్పినట్టయ్యారని రాశాడు. అది రాసినవాడికి రిచర్డ్ అంటే సరిపడదు. సరిపడనివాడు రాసిన మాట కాబట్టే దానికి విలువ ఎక్కువ.

కాబట్టి నిశాచరిగారి వాదనలో పస ఉంది. కానీ సంచిగారు అడిగింది వేరు. ఖాళీని నింపడం గురించి ఆయన గొడవ చేయట్లేదు. ఉన్న కాగితాన్ని చించేయడం గురించి చేస్తున్నారు. అత్తగారిని బతికుండగానే చనిపోయినట్టు రాయించిన అల్లుడు అదే మనిషి. కొడుకు పోతే మతి తప్పినవాడూ అదే మనిషి. ఒకణ్ని ఉంచి ఒకణ్ని తీసేస్తే మిగిలేది సీరియల్ హీరో.

గోదారి గట్టు:
షేక్స్‌పియర్ చేస్తే సాహిత్యం, రొమాన్స్ రాసే ఆవిడ చేస్తే మోసం. అంతేగా?

ఆయన నాటకంలో యాన్ మామగారి శవం పక్కన నడుస్తుంటే, ఆ మామగార్నీ మొగుణ్నీ చంపిన రిచర్డే వచ్చి అక్కడికక్కడే ప్రేమ కబుర్లు చెప్పి ఒప్పిస్తాడు. అలా జరిగిందని ఏ రికార్డులో ఉంది? నాలుగు వందల ఏళ్లుగా చప్పట్లు కొడుతున్నాం. ఆ బొమ్మ వల్ల రిచర్డ్‌కు జరిగిన నష్టంలో ఈ నవలల వల్ల కలిగిన లాభం పదో వంతు కూడా ఉండదు. లెక్క సరిచేస్తున్నారు, చేయనివ్వండి.

లెస్టర్ తెలుగమ్మాయి:
లెక్క సరిచేయడం అంటే గుర్తొచ్చింది. నేనుండేది లెస్టర్‌లోనే. 2012లో కార్ పార్క్ తవ్వితే రిచర్డ్ ఎముకలు దొరికిన ఊరు. దొరికిన చోటే ఇప్పుడు విజిటర్ సెంటర్ పెట్టారు, సమాధి గుంట మీద గాజు పలక వేశారు. చుట్టాలు ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్లడం నా డ్యూటీ అయిపోయింది.

అక్కడ ఆ అస్థిపంజరం నమూనా చూస్తే వెన్నెముక పాములా పక్కకు మెలి తిరిగి ఉంటుంది. గూని కాదు, స్కోలియోసిస్. బట్టలు వేసుకుంటే ఒక భుజం కొంచెం పైకి కనపడేదట, అంతే. నాటకంలో చెప్పిన ఎండిపోయిన చెయ్యి మాత్రం అబద్ధమే, చేతి ఎముకలు మామూలుగానే ఉన్నాయి. అంటే షేక్స్‌పియర్ పెంచి చెప్పాడు, నిజమే. కానీ తవ్వకాలకు ముందు రిచర్డ్ అభిమానుల్లో చాలామంది ఆ వంకర మొత్తం, రిచర్డ్ తర్వాత రాజ్యానికొచ్చిన ట్యూడర్ల ప్రచారమని కొట్టిపారేసేవారు. వాళ్ల హీరో నిటారుగా ఉండాలి మరి.

నాకు బాధ అక్కడే. రొమాన్స్ కోసం వెన్ను సరిచేసేశారు. వంకర వెన్నుతో ఇనుప కవచం వేసుకుని, గుర్రమెక్కి, 1485 ఆగస్టు 22న తన ఆఖరి యుద్ధంలో, బాస్‌వర్త్‌లో, నేరుగా శత్రువు హెన్రీ ట్యూడర్ మీదికి దూకిన మనిషి వాళ్లు ఊహించుకున్న అందగాడికంటే ఎంత గొప్ప హీరో! అలాంటివాణ్ని యాన్ ఎలా చూసి ఉంటుంది, ఆ కవచం విప్పాక నొప్పికి ఎవరు నూనె రాసి ఉంటారు... రాయాల్సిన రొమాన్స్ అది కదా.

నిశాచరి:
అమ్మాయ్, ఆ నూనె సీను నువ్వే రాయి. నేను ప్రీ-ఆర్డర్ చేస్తా.

సంచిగారి మాటకు మళ్లీ వస్తాను. రికార్డు తీసి చూస్తే ప్రేమ చచ్చిపోతుందని మీరు భయపడుతున్నట్టుంది. జాన్ ఆఫ్ గాంట్, కేథరిన్ స్విన్‌ఫర్డ్‌ల సంగతి చూడండి. ఆయన రాజు మూడో ఎడ్వర్డ్ కొడుకు, ఆమె ఆయన పిల్లలకు సంరక్షకురాలు. ఆయనకు భార్య ఉండగానే వీళ్లిద్దరికీ నలుగురు పిల్లలు పుట్టారు. 1381లో రైతులు తిరగబడి లండన్‌లో ఆయన సవాయ్ భవనాన్ని తగలబెట్టాక, ఆమెను వదిలేస్తున్నానని బహిరంగంగా చెప్పాడు. 15 ఏళ్ల తర్వాత, రెండో భార్య పోయాక, యాభై దాటిన వయసులో 1396 జనవరిలో లింకన్‌లో అదే కేథరిన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఎకరం కలిసిరాదు, పైగా ఆస్థానంలో పెద్దింటి ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. అయినా చేసుకున్నాడు. ఇదంతా రికార్డే. ఇందులో ఏ రచయిత కల్పన చేయాల్సి వచ్చింది?

రికార్డు మాస్టారు:
చక్కగా చెప్పావు తల్లీ. మరి ఆయన వీలునామా కూడా చెప్పు. 1399లో పోయేముందు తనను ఎక్కడ పూడ్చాలని రాశాడు? లండన్ సెయింట్ పాల్స్‌లో, మొదటి భార్య బ్లాంచ్ పక్కన. కేథరిన్ 1403లో పోతే లింకన్‌లో పూడ్చారు, ఆయనకు దూరంగా.

నిశాచరి:
మాస్టారూ, మీరు పెళ్లిభోజనంలో కూడా బిల్లు అడిగే టైపు.

పాతపుస్తకాల సంచి:
😂 కానీ మాస్టారు చెప్పిందే నా మాట కూడా. ఆ వీలునామాను దాచిపెట్టి రాస్తే కేథరిన్ కథ తీపి. దాన్ని పెట్టి రాస్తే గొప్ప కథ. దాచాల్సిన అవసరం ఏమొచ్చింది?

గోదారి గట్టుగారికి జవాబు. షేక్స్‌పియర్‌ను కూడా నేను వదలట్లేదు. ఆయన రాసిందాన్ని జనం చరిత్రగా నమ్మారు కాబట్టే ఒక మనిషి వెన్ను గురించి నాలుగు వందల ఏళ్లు కొట్టుకున్నాం. ఒక అబద్ధానికి ఎదురు అబద్ధం వేస్తే తక్కెడ సరిపోదు. రెండు అబద్ధాలు మిగులుతాయి.

రికార్డు మాస్టారు:
యాన్ విషయంలో నేను కొంత సర్దుకుపోగలను. ఎలిజబెత్ విషయంలో కాదు. రిచర్డ్ అన్న నాలుగో ఎడ్వర్డ్ కూతురు, అంటే సొంత అన్న కూతురు. కొన్ని నవలలు ఆమెకు బాబాయితో ప్రేమ వ్యవహారం అంటగట్టాయి.

ఆధారం ఎంతుందో చూడండి. 1484 క్రిస్మస్ వేడుకల్లో రాణికీ ఎలిజబెత్‌కూ ఒకే రకం బట్టలు ఇచ్చారని క్రౌలండ్ చరిత్రకారుడు నొచ్చుకున్నాడు. 1485 మార్చి 16న, సూర్యగ్రహణం రోజున, యాన్ చనిపోయింది. రాజు అన్న కూతుర్ని చేసుకుంటాడని పుకారు. రెండు వారాలకు, మార్చి 30న, క్లర్కెన్‌వెల్‌లో లండన్ మేయర్, పౌరుల ఎదుట నిలబడి అలాంటి ఆలోచనే లేదని రిచర్డ్ చెప్పుకోవాల్సి వచ్చింది. అదే కాలంలో ఆయన తనకూ ఆమెకూ పోర్చుగల్ రాజకుటుంబంలో సంబంధాలు మాట్లాడిస్తున్నాడు. వీటికి తోడు ఒక ఉత్తరం. ఆమె రాసినట్టుగా 1619లో చరిత్రకారుడు జార్జ్ బక్ ఉదహరించాడు. అసలు ఉత్తరం దొరకలేదు. బక్ రాతప్రతి అగ్నిప్రమాదంలో కాలి చిల్లులు పడింది. ఆ ఉత్తరంలో పెళ్లి ఊసు ఉన్నా అది పోర్చుగల్ సంబంధం గురించే అనే వారూ ఉన్నారు.

ఇంత మాత్రానికి 19 ఏళ్ల పిల్లను బాబాయి పక్కలోకి పంపించడం నాకు మింగుడుపడదు.

గోదారి గట్టు:
ఆవిడ పోయి ఐదు వందల ఏళ్లు దాటింది మాస్టారూ. పరువునష్టం దావా వేయదు.

లెస్టర్ తెలుగమ్మాయి:
వేయలేదు కాబట్టే కదా వేరేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఆమె హెన్రీ ట్యూడర్‌ను చేసుకుని రాణి అయ్యాక, 1502-03 నాటి సొంత ఖర్చుల పద్దు మిగిలింది. రాణిగారు పాత గౌన్లు బాగుచేయించుకుని వాడుకున్న ఖర్చు అందులో కనిపిస్తుంది. ఎవరైనా ఆ గౌన్ల ఆడమనిషిని పట్టుకుని నవల రాస్తే చదవాలనుంది. పాపం, బాబాయి సీనుకే అమ్ముడుపోతుంది.

నిశాచరి:
దీంట్లో నేనూ మాస్టారి వైపే. ప్రేమను ఊహించడం వేరు, ఒక పిల్లకు అపవాదు అంటించడం వేరు. కానీ అడుగుతున్నా, చివర్లో రచయిత్రి "ఇది నా ఊహ, ఆధారం ఇంతే" అని నోట్ రాస్తే సరిపోతుందా?

పాతపుస్తకాల సంచి:
నోట్ రాసేవాళ్లను గౌరవిస్తాను. కాకపోతే ఆరు వందల పేజీలు ఏడిపించి, చివరి రెండు పేజీల్లో చిన్న అక్షరాల్లో "నిజానికి ఇలా జరగలేదు" అంటే ఎవరికి ఎక్కుతుంది? ఆడియోబుక్‌లో అయితే అక్కడికి వచ్చేసరికి అంతా ఆపేస్తారు. నోట్ సంగతి సరే, కథలోనే రెండో వైపుకు ఒక మనిషిని పెట్టొచ్చు కదా. ఈ కథలో ఆ మనిషి సిద్ధంగా ఉంది. యాన్ వాళ్ల అమ్మ. 1473లో ఆమెను బ్యూలీ నుంచి ఉత్తరానికి, రిచర్డ్ మనుషులే తీసుకొచ్చారు. మరుసటేడాదికి చట్టం లెక్కలో ఆమె లేదు. కూతుళ్లిద్దరూ, అల్లుళ్లిద్దరూ పోయాక కూడా 1492 దాకా బతికింది. మిడిల్‌హమ్‌లో తల్లీకూతుళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఏం మాట్లాడుకుని ఉంటారు?

గోదారి గట్టు:
ఇదిగో, ఇప్పుడు మీరు కూడా కల్పన చేస్తున్నారు.

పాతపుస్తకాల సంచి:
చేస్తున్నా. కాగితం పక్కన పెట్టుకుని చేస్తున్నా. ఆ విడాకుల క్లాజు సంగతి యాన్‌కు ఎవరు చెప్పారు, మొగుడా, తల్లా? అది విని ఆమె ఏమంది? ఆ సీను రాసిన నవల మీలో ఎవరికైనా తెలిస్తే పేరు పెట్టండి, ఇంగ్లీషైనా సరే, ఈ రాత్రే ఆర్డర్ పెడతాను.